హద్దు దాటిన అంకె

సికింద్రాబాదు మోండా మార్కెట్టులో ప్రొద్దున ఏడు గంటల వేళ, పాత జైలుఖానా గోడల నీడ ఇంకను సందులను విడువకముందే, తడిపిన గోనెల మీద రాశులు పోసిన కూరగాయల నడుమ త్రోవ చేసికొని నడచువానికి ముందు చెవిని సోకునది బేరముల సందడి, పిదప ముక్కును సోకునది కొత్తిమీర, పుదీనాల పచ్చివాసన. ఆ రాశుల వెనుక ఒక చెక్కపెట్టె మీద ఎర్రని అంకెలతో మినుకుమినుకుమను తూకపుయంత్రము మాత్రము, పొద్దున లేచినది మొదలు అందరికిని పని చేసిపెట్టుచున్నను, ఎవ్వరి చూపును నిలుపుకొనదు. ఒకనాడు నేను అరకిలో వంకాయలు ఏరి పళ్ళెములో వేయగా అంకెలు 485 అని, 520 అని, 495 అని ఊగిసలాడినవి. నేను డబ్బు తీయబోవుచుండగా ఆ కూరలమ్మే పెద్దమ్మ చేయి అడ్డము పెట్టి, "జర ఆగుండ్రి సారూ, కాంట నిలవాలె" అన్నది. అంకె 505 వద్ద నిలిచినది. "ఒక్క కాయ మొగ్గింది, ఉండనియ్యుండ్రి" అని సంచిలో పోసినది.

కాంటా నిలుచుటకై మేమిద్దరమును వేచియున్న ఆ అరక్షణమునకు కారణము పళ్ళెము యొక్క కంపమును, ఆ కంపమును అణచుటకై యంత్రము పెక్కు కొలతల సగటు తీయుటయునే గాని ఈ అధ్యాయమున నేను చెప్పబోవు దోషము కాదని ముందే విన్నవించుచున్నాను. చిన్న యంత్రములందలి ప్రతి ఆలస్యమునకును ఒకే కారణమును అంటగట్టుట శాస్త్రమునకు న్యాయము కాదు. ఐనను, ఆ ఎర్రని అంకెల వెనుక ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెనను కోరికతో అట్టి యంత్రముల నిర్మాణమును పరిశీలింపగా నాకు కనబడిన విషయములలోకెల్ల అందమైనది, తెలుగువారికి మరింత దగ్గరిది ఒకటి కలదు. అది జ్ఞాపకశాలలో అంకెను ఏ గడి నుండి మొదలుపెట్టి దాచినారను దానిని బట్టి యంత్రము వేగము మారుట, ఒక్కొక్కప్పుడు యంత్రము స్తంభించుట, మరియొకప్పుడు తప్పు పలుకుట.

కొంత వెనుకటి మాట. తూనికలు, కొలతల ప్రమాణములకై 1956లో కేంద్రచట్టము వచ్చి, 1958 అక్టోబరు మొదలు దేశమున మెట్రిక్ తూనికరాళ్ళు దశలవారీగా ప్రవేశించువరకు మన అంగళ్ళలో శేర్లు, వీశెలు, తులములు రాజ్యమేలినవి. రాళ్ళు మారినను త్రాసు మాత్రము మారలేదు. ముల్లు నడుమ నిలుచునంతవరకు రెండు తట్టలను చూచుకొనుటయే తూకము. ఆ ముల్లు స్థానమున అంకెలు వచ్చుటకు మూలము 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ అను ఇరువురు వేరువేరుగా కనిపెట్టిన వికారమాపకము: లోహము వంగినప్పుడు దానికంటించిన సన్నని తీగ సాగి, విద్యుత్తునకు ఆ తీగ కలిగించు నిరోధము కించిత్తు మారును. నేటి తూకపుయంత్రములో పళ్ళెము క్రింద నుండు అల్యూమినియపు దిమ్మకు ఇట్టివి నాలుగు అంటించియుందురు. పళ్ళెము నిండ బరువు పెట్టినను వాని నుండి వచ్చు సంకేతము సాధారణముగా వోల్టులో నూరవవంతు మాత్రమే. ఆ అల్పసంకేతమును పెంచి, సంఖ్యగా మార్చుటకు హెచ్ఎక్స్711 వంటి చిప్పులు కలవు. ఇది తూకపుయంత్రముల కొరకే రూపొందినది. సెకనుకు 10 లేదా 80 పర్యాయములు అది ఒక్కొక్క కొలతను 24 బిట్ల సంఖ్యగా, అనగా 3 బైట్లుగా, ప్రక్కనున్న ప్రాసెసరుకు అప్పగించును. ఈ మూడు అను సంఖ్యను పాఠకులు మనసున నుంచుకొనవలెను.

ప్రాసెసరు ఆ సంఖ్యను దాచుకొను స్థలమే జ్ఞాపకశాల, వాడుకలో మెమరీ. దానిని మనము ఒకటి తరువాత ఒకటిగా వరుసకట్టిన గడుల వీధిగా ఊహించుకొందుము; ఒక్కొక్క గడిలో ఒక బైటు, ఒక్కొక్క గడికి సున్న మొదలుకొని ఒక చిరునామా. కార్యక్రమము, అనగా ప్రోగ్రాము, వ్రాయువానికి ఈ ఊహ చాలును. కాని యంత్రము లోపలి నిర్మాణము అట్టిది కాదు. 32 బిట్ల ప్రాసెసరులో నాలుగేసి గడులు ఒక పలకగా కూర్చి యుండును: 0 నుండి 3 వరకు ఒక పలక, 4 నుండి 7 వరకు మరియొకటి, 8 నుండి 11 వరకు వేరొకటి. జ్ఞాపకశాలకును ప్రాసెసరుకును నడుమ 32 తీగలు గలవు గాన ఒక పలకలోని నాలుగు బైట్లును ఒక్కమారుగా వచ్చును. అయితే ఏ పలక కావలెనని అడుగునప్పుడు చిరునామాలోని చివరి రెండు బిట్లు ఆ ఎంపికలో పాల్గొననే పాల్గొనవు. ఒక పలక చివరి రెండు గడులును, దాని తరువాతి పలక మొదటి రెండు గడులును కలిపి ఒక్కసారి పంపుమని అడుగుటకు ఆ తీగలలో దారి లేదు.

మార్కెట్టు గిడ్డంగిలో నాలుగేసి బుట్టలు పట్టు పలకలు ఒకదాని మీద నొకటి పేర్చియుండగా, హమాలీ ఒక్క విడతకు ఒక్క పలకనే ఎత్తుకొని రాగలడనుకొందము. నాలుగు బుట్టల సరుకు ఒకే పలక మీద నున్నచో ఒక్క నడకతో పని తీరును. అదే సరుకు ఒక పలకపై చివరి బుట్ట నుండి మొదలై తరువాతి పలకపై మూడు బుట్టల వరకు వ్యాపించియున్నచో, సరుకు పెరుగకున్నను, బుట్టలు నాలుగే యైనను, హమాలీ కనీసము రెండు మారులు నడువవలెను. వచ్చిన పిమ్మట అక్కరలేని బుట్టలు ప్రక్కకు దించి, కావలసినవి వరుసగా సర్దవలెను. నాలుగు బైట్ల సంఖ్య నాలుగుచే భాగింపబడు చిరునామా నుండి మొదలైనచో అది హద్దుకు ఒదిగినదందుము. ఇంజనీర్లు దీనినే అలైన్‌మెంట్ అందురు. అట్లు కానిచో అది హద్దు దాటిన అంకె. రెండు బైట్ల సంఖ్యకు సరిచిరునామా చాలును. ఒంటి బైటునకు హద్దుల బెంగయే లేదు.

ఇప్పుడు పెద్దమ్మ యంత్రములో ధరల పట్టిక యున్నదనుకొని, దానిని తెలుగులోనే దాచినామనుకొందము. యూనికోడులో తెలుగక్షరములకు కేటాయించిన సంకేతములు యూటీఎఫ్-8 పద్ధతిలో వ్రాయబడునప్పుడు ఒక్కొక్కటి సరిగా 3 బైట్లు తీసికొనును. ఆంగ్లాక్షరమునకు ఒక్క బైటు చాలును. మన లిపిలో గుణింతపు గుర్తును, సున్నయు, పొల్లును వేరువేరు సంకేతములు గాన, కంటికి ఒక్క అక్షరముగా కనబడు 'క్కు' లోపల నాలుగు సంకేతములుగా, 12 బైట్లుగా నుండును. పట్టికలో ప్రతి నమోదును నాలుగింటి హద్దున మొదలుపెట్టి, పేరు ముగిసిన గడికి ప్రక్క గడి నుండియే నాలుగు బైట్ల ధరను వ్రాసినామనుకొందము.  టమాట అనగా నాలుగు సంకేతములు, 12 బైట్లు. నమోదు మొదటి గడిని సున్నగా లెక్కించినచో ధర 12వ చిరునామాన మొదలగును, హద్దుకు ఒదిగినది. పాలకూర ఆరు సంకేతములు, 18 బైట్లు. దాని ధర 18వ చిరునామాన మొదలై రెండు పలకల మీద సగము సగముగా కూర్చుండును. వంకాయలో వకారము, సున్న, కకారము, దీర్ఘము, యకారము కలిసి ఐదు సంకేతములు, 15 బైట్లు. దాని ధరలో మొదటి బైటు ఒక పలక చివరి గడిలోను, తక్కిన మూడు తరువాతి పలకలోను పడును.

ఆర్మ్ సంస్థ రూపొందించిన కార్టెక్స్ ఎం3 వంటి ప్రాసెసర్లు ఇట్టి అంకెను అడిగినచో ఇచ్చును. కాని ఆ ఒక్క కోరికను లోపల ముక్కలు చేసికొనును. టమాట ధరకు ఒక్క నడక. పాలకూర ధరకు రెండు నడకలు, ఒక్కొక్క నడకలో రెండేసి బైట్లు. వంకాయ ధరకు మూడు నడకలు: 15వ గడి నుండి ఒక బైటు, 16వ గడి నుండి రెండు, 18వ గడి నుండి మరియొకటి. బీర 9 బైట్లు గాన దాని ధరయు మూడు నడకలే. బెండకాయ 21 బైట్లు, అదియు అంతే. చిక్కుడు 24 బైట్లు గాన మరల ఒక్క నడక. ధర రూపాయలలో ఎంతైనను, కూర నేడు దిగినదైనను నిన్నటిదైనను, దాని ధరను చదువుటకు పట్టు కాలమును ఆ కూర పేరులోని గుణింతములు నిర్ణయించుచున్నవి! నేను ఈ లెక్కను కాగితము మీద తొలిసారి వేసినప్పుడు కలిగిన ఆశ్చర్యము నేటికిని నాలో తరుగలేదు.

మూడు నడకలైనను సరియైన జవాబు తెచ్చు ప్రాసెసరు దయగలదనియే చెప్పవలెను. చిన్న, చవుక పరికరములలో విరివిగా వాడబడు కార్టెక్స్ ఎం0 ఈ దయ చూపదు: హద్దు దాటిన చిరునామా నుండి నాలుగు బైట్లు ఒక్కమారుగా చదువుమని ఆజ్ఞ వచ్చినంతనే అది చేయుచున్న పని నంతటిని విడిచి దోషస్థితిలోకి పోవును. ఆ స్థితికి తగిన మార్గము ముందుగా వ్రాసి పెట్టనిచో యంత్రము అక్కడనే నిలిచిపోవును. టమాటాలకు, చిక్కుళ్ళకు చక్కగా పలికిన యంత్రము వంకాయల వద్దకు వచ్చుసరికి బిగుసుకొనిపోయినచో అంగడివారు బ్యాటరీని అనుమానింతురు, మీటను అనుమానింతురు, వానతేమను అనుమానింతురు. పేరు పొడవును అనుమానించుట ఎవరికి తోచును?

ఇంతకంటె ప్రమాదకరమైన మరియొక స్వభావము గలదు. ఆర్మ్ వంశములో వెనుకటి తరమునకు చెందిన ఏఆర్ఎం7టీడీఎంఐ అను ప్రాసెసరు 1990ల చివర చేతిఫోనులలోను, అసంఖ్యాకములైన చిన్న పరికరములలోను వెలసినది. హద్దు దాటిన చిరునామా ఇచ్చినచో అది నిలువదు, ఫిర్యాదు చేయదు, రెండవ పలకను తేనే తేదు. ఆ చిరునామా ఏ పలకలో నున్నదో ఆ పలకనే తెచ్చి, అడిగిన బైటు మొదటికి వచ్చునట్లు నాలుగు బైట్లను చక్రమువలె త్రిప్పి చేతికిచ్చును. దీని ఫలితమును వంకాయ మీదనే చూతము. కిలో ధర 40 రూపాయలు. పేరు సున్నవ గడిన మొదలైనది గాన 12, 13, 14 గడులలో చివరి అక్షరమైన యకారపు మూడు బైట్లు గలవు. వాని విలువలు 224, 176, 175. 15వ గడిలో ధర యొక్క మొదటి బైటు 40. ధరలోని తక్కిన మూడు బైట్లు సున్నలై 16, 17, 18 గడులలో నున్నవి. ప్రాసెసరు 12వ గడి నుండి 15వ గడి వరకు గల పలకను తెచ్చి త్రిప్పగా మొదటి బైటు 40, తరువాతివి 224, 176, 175 అగును. చిన్న బైటు ముందుండు వరుసలో దీనిని సంఖ్యగా లెక్కించినచో 294 కోట్ల 76 లక్షల 4 వేల 520 వచ్చును. వంకాయలు కిలో రూ. 294,76,04,520! యకారము అక్షరముగా మాని ధనముగా మారినది. అంకె ఇంత పెద్దది గాన ఇచ్చట తప్పు వెంటనే బయటపడును. నమోదులలోని బైట్లు వేరుగా నున్నచో 40కి బదులు నమ్మదగిన వేరొక సంఖ్య వచ్చి, ఎవ్వరి కంటను పడక రోజుల తరబడి లెక్కలలో కలిసిపోవచ్చును. మౌనముగా అబద్ధమాడు యంత్రము కంటె నిలిచిపోవు యంత్రమే మేలని నా నమ్మకము.

ఈ హద్దుల చరిత్ర మన సికింద్రాబాదునకు దూరమైనది కాదు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారు సారథిగా, అణుశక్తి శాఖ క్రింద 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా మనమందరము ఈసీఐఎల్ అని పిలుచు సంస్థ, 1969లో టీడీసీ-12 అను గణకయంత్రమును వెలువరించినది. పేరులోని 12 అను అంకె దాని పదము యొక్క వెడల్పు: అందు పదమునకు 12 బిట్లు. పదమునకు పదమే ఒక చిరునామాగా నుండి, ఆ పదమంతయు ఒకేసారి వచ్చుచు పోవుచు నుండు యంత్రములో సంఖ్య హద్దు దాటుట అను మాటకే అర్థము లేదు. పలకలో ఒకే ఒక పెద్ద బుట్ట యున్నచోట సగము బుట్ట నుండి మొదలుపెట్టుమని అడుగువారుండరు. ఒక్కొక్క బైటునకు ఒక్కొక్క చిరునామా ఇచ్చి, అదే సమయమున పెక్కు బైట్లను ఒకేసారి తెచ్చుట మొదలైన యంత్రములందే ఈ చిక్కు పుట్టినది.

ఆ మార్గమును లోకమున స్థిరపరచినది 1964లో ప్రకటింపబడిన ఐబీఎం సిస్టం/360. నాలుగు బైట్ల పదము నాలుగింటి హద్దునను, ఎనిమిది బైట్లది ఎనిమిదింటి హద్దునను ఉండవలెనని అది శాసించినది. తప్పినచో కార్యక్రమమును ఆపివేసెడిది. వ్రాయువారి మొర విని 1970 నాటి సిస్టం/370లో ఈ కట్టడిని సడలించిరి. ఇంటెల్ 8086 ప్రాసెసరు 1978లో మొదటినుండియు సడలింపుతోనే వచ్చినది, కాని బేసి చిరునామా నుండి రెండు బైట్ల సంఖ్యను తెచ్చుటకు నాలుగు గడియారపు చక్రములు, అనగా యంత్రము లోపలి గడియారపు టిక్కులు, అదనముగా పుచ్చుకొనెడిది. 1979 నాటి మోటరోలా 68000 అదే కోరికను దోషముగా పరిగణించి త్రోసిపుచ్చెడిది. మిప్స్ రూపకర్తలు పలక ఎడమభాగమును, కుడిభాగమును వేరువేరుగా తెచ్చు రెండు ఆజ్ఞలను నిర్మించి వానిపై పేటెంటు సైతము పొందిరి. మద్రాసు ఐఐటీ వారి శక్తి ప్రాసెసర్లకు ఆధారమైన రిస్క్-ఫైవ్ నిర్దేశము ఈ విషయమును నిర్మాతకే విడిచినది; పలకలను కలుపు తెలివి పరికరములోనే ఉండవచ్చును, లేదా ప్రతిమారును దోషము పుట్టించి మృదుసామగ్రి చేత అతికింపవచ్చును.

అతికించుట యనగా ఎంత వెల? ఇచ్చట లెక్క స్పష్టముగా చెప్పవలెను. కార్టెక్స్ ఎం0లో హద్దుకు ఒదిగిన నాలుగు బైట్లను తెచ్చుటకు 2 చక్రములు చాలును. హద్దు దాటినదానిని దోషము రాకుండ తెచ్చుటకు నాలుగు బైట్లను ఒక్కొక్కటిగా చదువవలెను, 8 చక్రములు, మూడింటిని తమతమ స్థానములకు జరుపవలెను, 3 చక్రములు, మూడుమారులు కలుపవలెను, మరి 3, మొత్తము 14. ఏడింతలు! కాని 48 మెగాహెర్ట్జుల గడియారము గల చిప్పులో ఆ 12 చక్రముల తేడా సెకనులో 40 లక్షలవ వంతు మాత్రమే. పెద్దమ్మ దినమంతయు తూచినను ఈ జాప్యమును గుర్తింపజాలదు. ఏడింతలను మాట విని బెదరి, ఎచ్చట చూచినను హద్దులకై వెదకుట వలన ప్రయోజనము లేదు.

ఏడింతలు నిజముగా భారమగునది ఒక్కమారు జరుగు పనిలో గాక, వేలమారులు జరుగు పనిలో. తెలుగులో చీటీ అచ్చువేయు యంత్రమును తీసికొనుడు. వేడితో అచ్చువేయు 58 మిల్లీమీటర్ల సన్నని కాగితముపై ఒక్కొక్క గీతకు సాధారణముగా 384 చుక్కలు, అనగా 48 బైట్లు. ఇట్టి చిన్న యంత్రములలో ఆంగ్లాక్షరములన్నియు తరచుగా ఒకే వెడల్పు గలవై గడులలో ఒదుగును. తెలుగక్షరములు అట్లు కాదు. ఒకటి విశాలము, ఒకటి ఇరుకు, ఒకదాని క్రింద ఒత్తు, ఒకదాని తలపై గుడి. కాగితముపై అందముగా నుండవలెనన్న ఒక్కొక్క అక్షరపు బొమ్మ గీతలో ఎచ్చటనైనను మొదలు కావలెను. అట్లు మొదలైనదానిని జ్ఞాపకశాలలో గీసునప్పుడు అక్షరము యొక్క ప్రతి అడ్డువరుసకును హద్దు దాటిన చదువు, హద్దు దాటిన వ్రాత తప్పవు. అక్షరమునకు 32 వరుసలు, చీటీలో 200 అక్షరములు అనుకొన్నను 6,400 వరుసలు. ఒక్కొక్క వరుసకు చదువులోను వ్రాతలోను నష్టము. చక్రమునకు చక్రము బ్యాటరీ నుండి కొంత విద్యుత్తును పుచ్చుకొనును. కరెంటు తీగ చేరని సందుమొగలో బ్యాటరీ మీదనే దినము గడుపు అంగడివారికి ఇది లెక్కలోనికి వచ్చు విషయము.

అంతకంటె పెద్ద నష్టము, లినక్స్ వంటి వ్యవస్థ నడుచు పరికరములలో జరుగును. కొన్ని ఆర్మ్ ప్రాసెసర్లపై హద్దు దాటిన చదువు దోషము పుట్టింపగా లినక్స్ కేంద్రకము ఆ దోషమును పట్టుకొని, కార్యక్రమము ఏమి అడిగినదో పరిశీలించి, బైటు బైటుగా చదివి, జవాబును అమర్చి, ఏమియు జరుగనట్లు కార్యక్రమమును ముందుకు పంపును. వ్రాసినవానికి ఏ తప్పును కనబడదు. కాని రెండు చక్రముల పనికి వందలాది చక్రములు ఖర్చగును. ఇట్టి సవరణలెన్ని జరిగినవో కేంద్రకము 'ప్రోక్' అను సంచయములోని సీపీయూ విభాగమున 'అలైన్‌మెంట్' అను దస్త్రమందు లెక్క వ్రాసి యుంచును. మందగించిన పరికరమును బాగుచేయ బూనినవాడు ఆ దస్త్రమును తెరచి చూచి, అంకె క్షణక్షణమునకు పెరుగుచున్నచో, రోగము దొరికినట్లే.

ఇట్టి రోగము పుట్టు చోట్లలో ప్రసిద్ధమైనది ఒకటి కంప్యూటరు జాలములతో పని చేయువారికి సుపరిచితము. ఈథర్‌నెట్ ద్వారా వచ్చు ప్రతి పొట్లమునకును ముందు ఒక తలకట్టు ఉండును: గమ్యపు చిరునామా 6 బైట్లు, పంపినవారి చిరునామా 6 బైట్లు, రకమును తెలుపునవి 2, మొత్తము 14. పొట్లమును నాలుగింటి హద్దున దించినచో దాని లోపలి అంతర్జాల శీర్షిక 14వ గడిన మొదలగును. అందలి నాలుగు బైట్ల చిరునామాలన్నియు హద్దు దాటును. అందువలన అనుభవజ్ఞులు పొట్లమును దించుకొనుటకు ముందే రెండు గడులను ఖాళీగా విడుతురు. రెండును పదునాలుగును పదునారై, శీర్షిక హద్దున కూర్చుండును. బరువు నెత్తుటకు ముందు చుట్టకుదురు పెట్టుకొను హమాలీకిని ఈ యుపాయము కొత్తది కాదు. మార్కెట్టులో చేతిఫోను ద్వారా డబ్బు పడినంతనే "ఇరవై రూపాయలు అందినవి" అను అర్థము వచ్చునట్లు పలుకు చిన్న డబ్బాల వరకు, జాలముతో మాటాడు ప్రతి పరికరము లోపలను ఎచ్చటనో ఒకచోట ఇట్టి లెక్క ఒకటి నడుచుచునే యున్నది.

మందు ఏమి? సీ భాషలో వ్రాయునప్పుడు అనువాదకము, అనగా కంపైలరు, తనంతట తానే ఖాళీగడులు విడిచి ప్రతి సభ్యమును హద్దున నిలుపును. ఒక బైటు, నాలుగు బైట్లు, ఒక బైటు, నాలుగు బైట్లు అను క్రమమున వ్రాసిన నిర్మాణమునకు 16 గడులు పట్టును. పెద్దవి ముందు, చిన్నవి వెనుక వ్రాసినచో అవే నాలుగు సభ్యములకు 12 చాలును. క్రమము మార్చుట తప్ప వేరు శ్రమ లేకుండ నాలుగు గడులు మిగిలినవి. కొందరు ఇంకను పొదుపు చేయ దలచి, ఖాళీలు విడువవద్దని అనువాదకమును శాసింతురు. అప్పుడు 10 గడులే పట్టును గాని, హద్దు దాటినదానిని చదువు ప్రతిచోటను ఆ పదునాలుగు చక్రముల మార్గమును అది వ్రాయవలసి వచ్చును. అన్నిటికంటె చెడ్డది, బైట్ల వరుస మీద ఎచ్చటనో వ్రేలు పెట్టి 'ఇది నాలుగు బైట్ల సంఖ్య, నమ్ముము' అని అనువాదకమును మోసగించుట. వంకాయలు కోట్లకు అమ్ముడుపోవుట అచ్చటనే పుట్టును. అంతకు బదులు బైట్లను హద్దున నున్న వేరొక స్థలమునకు నకలు చేయుమని చెప్పినచో, ఏ ప్రాసెసరుకు ఏది తగునో అనువాదకమే ఎరిగి తగిన మార్గమును వ్రాయును.

ఇక స్థలపు మాట. కొలత 3 బైట్లని ముందు చెప్పితిని. కొలతలను మూడేసి గడులలో ఇరికించి దాచినచో 0, 3, 6, 9, 12 అను చిరునామాలలో నాలుగింటికొకటి మాత్రమే హద్దున పడును. సగటు తీయుటకు 16 కొలతలు చాలు యంత్రములో దీని వలన మిగులునది 16 గడులే. ఆ పదునారు గడుల కొరకు ఇంత ఇరుకు అనవసరము. కొలతకు నాలుగు గడులిచ్చుటయే వివేకము. కాని ధరల పట్టిక విషయము వేరు. 200 సరుకుల పేర్ల వెనుక, ఒక్కొక్క పేరునకు మూడు వరకు ఖాళీగడులు విడిచినచో 600 గడుల వరకు పోవును. 8,192 గడులే గల చిప్పులో ఇది చిన్న నష్టము కాదు. ఇచ్చట ఖాళీలు విడువుటయును తప్పే, ఇరికించుటయును తప్పే యైనప్పుడు దారి ఏది యని నేను కొంతకాలము తర్కించుకొంటిని. దారి మార్కెట్టులోనే కలదు. పూలు అమ్మువారు పూల వరుసలోను, పండ్లవారు పండ్ల వరుసలోను, మాంసమువారు తమ వరుసలోను కూర్చుందురే గాని, ఒక్కొక్క గంప ప్రక్కను ఒక్కొక్క పూలమాల వ్రేలాడదు. పేర్లను, ధరలను ఒకదానితో నొకటి పెనవేయుట మాని ధరలన్నియు ఒక వరుసగా, పేర్లన్నియు వేరొక వరుసగా పేర్చినచో, 200 ధరలు 800 గడులలో ఒక్క ఖాళీ లేకుండ, ఒక్కటియు హద్దు దాటకుండ కూర్చుండును. పేర్లు బైట్లుగానే చదువబడునవి గాన వానిని ఎంత ఇరికించినను దోషము లేదు; ఏ పేరు ఎచ్చట మొదలగునో తెలుపు రెండేసి బైట్ల సూచికను కూడ సరిచిరునామాన మొదలగు వేరు వరుసగా నుంచినచో చాలును.

పెద్దమ్మ పట్టికలో వంకాయ ఏడవదనుకొందము. ధరల వరుసలో దానికి ముందున్నవి ఆరు. ఆరు నాలుగులు ఇరువదినాలుగు. 24వ గడి నుండి 27వ గడి వరకు ఒకే పలక. ఒక్క నడకలో ధర వచ్చినది, 40, పళ్ళెములో అరకిలో, ఇరువది రూపాయలు. పైన మొగ్గిన ఆ ఒక్క కాయను ఆమె లెక్క కట్టలేదు.